కోయని కాలు

చదువు ముగించిన ఏడాది జూన్‌లో, ఏర్పేడు దారిలోని ఒక ప్రైవేటు పశువైద్యశాలలో శస్త్రచికిత్స విభాగానికి సహాయ వైద్యురాలిగా చేరాను. ఇప్పుడు ఆ వృత్తిలో లేను. అక్కడి నా మొదటి వర్షాకాలంలో, పుత్తూరు నుంచి రాజమాణిక్యం అనే ఆయన నెల వయసు గుర్రప్పిల్లను వ్యానులో తెచ్చాడు. ఆయన పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను బాడుగకిస్తాడు. పిల్లకు పుట్టుకతోనే ముందుకాళ్ల మోకాళ్లు రెండూ లోపలికి ఒరిగి, గిట్టలు బయటికి తిరిగి ఉన్నాయి.

"మా పుత్తూర్లో మనుషులకైతే ఎముకలకి కట్టు కడతారు మేడమ్మా. దీన్ని తీసుకుపోతే నవ్వి పంపించినారు," అన్నాడు.

ఎక్స్‌రేలో కీళ్లలోని చిన్న ఎముకలు బాగానే కనిపించాయి. పరుగెత్తనివ్వకుండా కట్టి ఉంచి, గిట్టలు చెక్కి, కొన్ని వారాలు చూద్దామని మా సీనియర్ డాక్టరు అన్నారు. పెరిగే వయసులో ఇలాంటి కాళ్లు చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. నేను మాత్రం ఆపరేషనే మంచిదన్నాను. మోకాలికి పైన, బయటివైపు, ఎముకను కప్పిన పొరను కోసి కాస్త లేపితే, వెనకబడిన ఆ వైపు పెరుగుదల అందుకుంటుందని చదివాను. చేసి చూడాలన్న ఆశ కూడా ఉంది. ఎప్పుడూ నోరు విప్పనిదాన్ని అంత గట్టిగా చెప్పేసరికి ఆయన కాదనలేదు.

ఎడమకాలు పూర్తిచేసి కుడికాలి వైపు తిప్పబోతుండగా, మత్తులో పిల్ల ఊపిరి ఆగింది. గొట్టం ద్వారా గాలి పంపి బతికించాం. రెండో కాలు ముట్టుకోలేదు. కిటికీ అవతల నిలబడి రాజమాణిక్యం అంతా చూశాడు.

శీతాకాలానికి రెండు కాళ్లూ ఒకేలా నిటారుగా వచ్చాయి. ఆయన పూలదండ తెచ్చి అందరి ముందూ నా చేతికిచ్చాడు.

"కొయ్యని కాలు గూడా ఈయమ్మకి భయపడి నేరుగా అయిపోయిండాది, సూడండి," అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తలేను.

మరుసటి ఏడు ఆయనే తన బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. అలాంటి పిల్లే, అలాంటి కాళ్లే. ఇప్పుడే ఆపరేషన్ వద్దన్నాను.

"మా బావ గుర్రానికి చేసినారు. మాదంటే లెక్కలేదా మేడమ్?" అన్నాడు బావమరిది.

ఇక దాచడం కుదరలేదు. పోయినసారి కోయని కాలు కూడా కోసిన కాలంత బాగైందని, ఆ కోత అవసరమే లేకపోయి ఉండవచ్చని చెప్పాను.

"అంటే ఆ పొద్దు దాని ఊపిరి ఆగింది ఊరికేనామ్మా?" అన్నాడు రాజమాణిక్యం.

"ఊరికేనేమో," అన్నాను.

ఆయన బావమరిది వైపు తిరిగి, "పిల్లని బండెక్కించప్పా. పాకలో కట్టి సూద్దాం," అన్నాడు. నాకు చెప్పకుండానే వెళ్లాడు.

రోగి కోలుకున్నంత మాత్రాన వైద్యమే కారణమని చెప్పలేం. కోసినందువల్ల బాగైందా, కోసినా బాగైందా అన్న ప్రశ్న, పక్కన రెండో కాలు ఉండబట్టే నాకు ఎదురైంది. చాలా జబ్బుల్లో అలా పోల్చి చూసుకోవడానికి రెండో కాలు ఉండదు.