కొబ్బరినూనె కారు, మా మేనత్త

మొన్న మా మనవడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎవరో వంటనూనె పోసి కారు నడుపుతున్నాడు, చుట్టూ జనం చప్పట్లు. "చూసినవా, ఎంత కొత్త ఐడియానో!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ కొత్త విద్య యాభైలనాడే శాలిబండలో మా ఇంట్లో ఉండేది. దాని మూలంగా మా మేనత్త పడిన మాటలు నాకింకా గుర్తున్నాయి.

ఎవరో జాగీర్దారు వదిలించుకున్న పాత డీజిలు కారును నాన్న కొన్నాడు. పత్తర్‌గట్టిలో తలనూనె దుకాణం మూసేసిన స్నేహితుడి దగ్గర ముక్కిన కొబ్బరినూనె డబ్బాలు మిగిలితే, అవీ తెచ్చి కారుకు రెండో టాంకు పెట్టించాడు. డీజిలుతో బండిని లేపి, వీధి మలుపు తిరిగాక మీట తిప్పితే ఇంజను నూనె అందుకునేది. మధ్యాహ్నం పూట ఆయన సర్కారు కచేరీలో కొలువుకు వెళ్తుంటే వెనకాల వీధంతా తలంటి వాసన. ఆ దర్జా చూసి తీరాలి.

మేనత్త చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. పట్టుబట్టి చదువుకుని నాంపల్లిలో ఆడపిల్లల బడిలో పంతులమ్మ అయింది. తనదంటూ ఆమెకున్నది ఆ కొలువొక్కటే. పొద్దున్నే చేరాలి కనుక కారులో దింపుతానన్నాడు నాన్న. ఇంతలో చలికాలం వచ్చింది. ఆమె ఎక్కిన రోజల్లా కారు పత్తర్‌గట్టి దాటకుండానే దగ్గి, పొగ వదిలి ఆగిపోయేది. ఇంకోసారి ఆలస్యమైతే రానే వద్దని పెద్ద పంతులమ్మ చెప్పేసింది. కారును మరమ్మతు ఖార్ఖానాకు నెట్టించేసరికి, మిస్త్రీ చాయ్ తాగి వచ్చేసరికి ఎండెక్కేది. ఫిల్టరు విప్పేవాడు, గొట్టాలు ఊదేవాడు, పంపులో గాలి తీసేవాడు. అన్నీ శుభ్రంగా ఉండేవి. "ఇంజన్‌ల ఏం ఖరాబ్ లేదు సాబ్," అనేవాడు. మధ్యాహ్నం నాన్న ఎక్కితే మామూలుగానే నడిచేది.

బండిలో లోపం లేదు కనుక ఎక్కిన మనిషిలో ఉందని మా ఇంట్లో తేల్చారు. "మొగడు పోయినదానికి మోటరెందుకు? అది ఎక్కితె గిట్లనే ఆగుతది," అంది నానమ్మ. కన్నతల్లి అన్న మాట ఇది! నాన్న ఆ మాటకే తలూపాడు. "రేపటి సంది బండెక్కకు చెల్లె," అన్నాడు. ఇంటి ముందు కారు పెట్టుకుని, ఆమె చీకటితోనే లేచి నాంపల్లి దాకా నడిచింది.

ఒకరోజు నాన్న పై అధికారిని రైలెక్కించడానికి పొద్దున్నే బయల్దేరాడు. పత్తర్‌గట్టిలోనే కారు ఆగింది. మేనత్త అందులో లేదు. నిద్ర లేపి తెచ్చిన మిస్త్రీ, మొదటిసారి ఆ చలిలో ఫిల్టరు విప్పాడు. "గిదేంది సాబ్! నూనె నెయ్యి లెక్క పేరుకున్నది!" అని పకపకా నవ్వాడట. ఇంట్లోనూ అంతా నవ్వారు. ఏం నవ్వు అది? గడ్డకట్టిన తలనూనె సీసాను నానమ్మ రోజూ ఎండలో పెట్టేది. అంతమందిలో ఒక్కరికీ టాంకు గుర్తుకు రాలేదే! పక్కనున్న మనిషిని అనడం మాత్రం ఇట్టే తట్టింది.

నూనె పేరుకోకుండా మిస్త్రీ ఇంజను వేడినీళ్ల గొట్టాన్ని నూనె టాంకులోంచి తిప్పాడు. "రా చెల్లె, ఇగ ఫికర్ లేదు. బండి మంచిగైంది," అన్నాడు నాన్న. మేనత్త చెప్పులు తొడుక్కుంటూ, "నేను మొదటి సందీ మంచిగనే ఉన్న గద అన్నా," అని నడిచి వెళ్లిపోయింది. కొలువు మానేదాకా ఆ కారు ఎక్కలేదు.

ఏళ్లు గడిస్తే కోపం తగ్గుతుందంటారు. ఆమెకు తప్పయిందని చెప్పవలసిన వాళ్లంతా ఒక్కొక్కరే చెప్పకుండానే పోయారు. నా కోపం మాత్రం ఏటికేడు పెరుగుతూనే ఉంది.