నలభై నిమిషాలు తెరిచి ఉన్న మూత

కటకటకట... కాసేపు ఆగి, మళ్ళీ కటకటకట. ఎండ ఇంకా ఎదురుగోడ దిగలేదు. ఇనుము తన పళ్ళను తానే లెక్కపెట్టుకుంటున్నట్టు ఆ శబ్దం కింది వాకిట్లోంచి మా మెట్లెక్కి వచ్చింది. దిగి చూస్తే తెరిచిన బానెట్, దిమ్మల మీదికెత్తిన ముందు చక్రాలు, కారు కింది నుంచి బయటికి చాచిన రెండు కాళ్ళు. ఒక కాలికే చెప్పుంది.

"పదమూడో నంబరు స్పానరు ఇలా అందించండి," అన్నాయి కాళ్ళు.

ఆ కాళ్ళు లిఫ్టన్నవి. ఎత్తయిన భవనాల్లో ఆగిపోయిన లిఫ్టులను ముప్ఫై ఏళ్ళుగా కదిలిస్తున్నాడు కాబట్టి వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. రాత్రంతా డ్యూటీ చేసి, వచ్చీ రాగానే కారు కింద దూరాడు. వారం కిందట ఆ కారు ఏసీ కంప్రెసర్ ఒక్క కేక పెట్టి బిగుసుకుపోయింది.

ఇంకొకరికైతే అద్దాలు దించుకుంటే సరిపోయేది. ఆయన భార్యకు, మేం వదిన అని పిలిచే ఆవిడకు, అలా కుదరదు. నరాల జబ్బు. ఒంటికి వేడి తగిలితే ముందు కాళ్ళు మాట వినడం మానేస్తాయి, తర్వాత చూపు మసకబారుతుంది. నాలుగు నెలలు ఎదురుచూస్తే పెద్ద డాక్టరు దగ్గర రేపు పదకొండింటికి వంతు వచ్చింది. నాలుగు గంటల దారి. వాడిపోయి చేరుకుంటే డాక్టరు చూసేది జబ్బును కాదు, ప్రయాణాన్ని. ఆమె కూర్చోడానికి వీలుగా బయటికి తిరిగే సీటు ఈ ఒక్క కారుకే ఉంది. దాన్ని అమర్చింది లిఫ్టన్నే. షెడ్డువాళ్ళు పది రోజులన్నారు. అందుకని పాత గ్యాసు మాత్రం బావమరిది పనిచేసే ఏసీ షాపులో తీయించి, మిగతాది ఇంట్లోనే మొదలుపెట్టాడు.

బెల్టు వదులైంది. బోల్టులు ఒక్కొక్కటే అట్టముక్క మీద తమ తమ చోట్లలో పడుకున్నాయి. చివరి బోల్టు దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. ఎట్టకేలకు బయటికొచ్చిన పాత కంప్రెసర్‌ని బోర్లించి, అందులోంచి కారిన నూనెను మందు పోసుకునే చిన్న గ్లాసులో కొలిచాడు. ఎంత వచ్చిందో, కొత్తదాంట్లో అంతే ఉండాలట.

కిటికీలోంచి వదిన చూస్తూనే ఉంది. "అది నా దగ్గు మందు గ్లాసు కదూ?"

"కడిగే ఇస్తాలే. అయినా ఈ నూనె రెండు చుక్కలు పడితే నీ కీళ్ళూ సాఫీగా తిరుగుతాయేమో."

"నా కీళ్ళ సంగతెందుకు, ముందు నీ బుర్రలో పొయ్యి. రాత్రి నుంచీ తుప్పు పట్టి ఉంది."

ఆయన నవ్వలేదు. నవ్వడానికి కావాల్సిన ఓపికను భుజాల కోసం దాచుకుంటున్నట్టున్నాడు.

కొత్త కంప్రెసర్ మధ్యాహ్నానికి కూర్చుంది. మిగిలింది డ్రయ్యర్. జానెడు అల్యూమినియం సీసా, లోపల గుళికలు. ఏసీ పైపుల్లోని తడిని తాగడమే వాటి పని. బయటి గాలి తగిలితే ఆ గాలిలోని తడినీ తాగేస్తాయి. అందుకే దాని రెండు మూతలూ చిట్టచివర, పైపు బిగించబోయే క్షణంలో తీయాలి. ఆయన తీశాడు. సరిగ్గా అప్పుడే ఇంట్లోంచి దబ్బుమని చప్పుడు.

అప్పటికే కరెంటు పోయింది, ఫ్యాన్ ఆగింది, గది ఉడికింది. నీళ్ళ కోసం లేచిన వదిన కాళ్ళు తేలిపోయి మంచం పక్కన జారిపడింది. ఇద్దరం కలిసి ఎత్తి పడుకోబెట్టాం. ఆయన ఆమె మెడకు తడి తువ్వాలు చుట్టి, అరికాళ్ళు ఒళ్ళో పెట్టుకుని విసురుతూ కూర్చున్నాడు. బొటనవేలు కదిలే దాకా అక్కణ్ణుంచి లేవలేదు.

తిరిగొచ్చేసరికి సీసా రెండు నోళ్ళూ తెరుచుకుని ఎండలో ఉంది. మూతలు ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి.

"ఎంతసేపైంది?" అని నన్నడిగాడు.

"నలభై నిమిషాలు."

చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. షాపుకి ఫోన్ చేస్తే ఇంకో డ్రయ్యర్ శనివారానికి గానీ రాదన్నారు. కాసేపటికి లేచి, ఆ సీసానే బిగించాడు. చేతులు పని చేస్తున్నాయి, మొహం మాత్రం ఎక్కడో దూరాన కూర్చుని ఉంది.

నాలుగింటికి బావమరిది పైపుల్లోని గాలిని లాగేసే పంపు, గ్యాసు సిలిండరు మోసుకొచ్చాడు. పైపులన్నీ తడిమి చూసి, గొట్టాలు తగిలించే ముందు అడిగాడు.

"డ్రయ్యర్ మూత తీసి ఎంతసేపటికి బిగించావు బావా?"

చిన్న అబద్ధం చాలు. పంపు వెంటనే తిరిగేది. నేను నేల చూశాను. లిఫ్టన్నే చెప్పాడు.

"నలభై నిమిషాలు."

గొట్టం కింద పెట్టేశాడు అతను. "రేపొక్కరోజు చల్లగానే వస్తుంది. ఆ తర్వాత ఆ తడి నూనెలో కలిసి కొత్త కంప్రెసర్‌ని కొరుక్కు తింటుంది. చూస్తూ చూస్తూ నా చేత్తో గ్యాసెక్కించను."

"నాకు రేపే కావాల్రా."

"తెలుసు. అది నాకూ అక్కే."

కిటికీలోంచి నీరసంగా వచ్చింది గొంతు. "ఆ నలభై నిమిషాలు తాగేసింది నేను రా. పాపం ఆ సీసానేం అనకు."

బావమరిది సిలిండరు పక్కన గొంతుకూర్చుని గొట్టం మళ్ళీ అందుకున్నాడు. "గంట తిప్పాల్సిన పంపు మూడు గంటలు తిప్పుతా. కొంత తడి లాగుతుంది, మొత్తం లాగదు. శనివారం కొత్తది తెస్తా. రేపు వెళ్ళొచ్చాక ఏసీ ముట్టుకోకూడదు. ఆదివారం ఇదంతా మళ్ళీ విప్పుతానని మాటివ్వు."

"మాటిచ్చే ఓపిక లేదురా."

"తలూపు, చాలు."

తలూపాడు. పంపు రొద సాయంత్రాన్ని కొంచెం కొంచెంగా లోపలికి పీల్చుకుంది. పంపు ఆపాక అరగంట చూసినా మీటరు ముల్లు కదల్లేదు, ఎక్కడా లీకు లేదన్నమాట. గ్యాసెక్కింది. డాష్‌బోర్డు జాలీలోంచి చల్లగాలి రాగానే లిఫ్టన్న అరచేయి అడ్డం పెట్టి, కళ్ళు మూసుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత బువ్వ కూడా తినకుండా పడుకున్నాడట.

తెల్లారి ఆరింటికి ఇంజను అప్పటికే నడుస్తోంది. తిరిగే సీటులో వదిన లోపలికి వెళ్ళింది. చల్లగాలి ఆమె నుదుటి మీది వెంట్రుకలను ఒక్కొక్కటే వెనక్కి పంపుతోంది. నేను సంచి వెనక పెట్టి వచ్చేసరికి ఆమె తల పక్కకు వాలింది. ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ వేసి, నా వైపు వంగి గొంతు తగ్గించాడు.

"తలుపు మెల్లగా వెయ్యండి, నిద్రపట్టింది. ఆదివారం ఖాళీ ఉంటే మాత్రం కిందికి రండి. ఈసారి ఆ మూతలు మీ దగ్గర పెట్టుకుందురు గాని."