పెద్దమ్మకు మిగిలిన మాట

ఎటెల్కా పంతొమ్మిదేళ్ళ వయసులో, మోకాలిలోతు మంచులో మా ఊరి సరిహద్దు అడవి దాటి ఆస్ట్రియాలోకి పారిపోయింది. అక్కణ్ణుంచి ఓడెక్కి ఆస్ట్రేలియా చేరి, పళ్ళు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో ముసలిదయ్యేదాకా పనిచేసింది. మొగుణ్ణి అక్కడి మట్టిలోనే పెట్టి, ఒక్క పెట్టెతో మా ఊరికి తిరిగొచ్చింది. అప్పటికి ఆమె చెల్లెలు వెరోనా బతికి లేదు. వెరోనా కూతురు యొలాంక ఒక్కతే ఆ ఇంట్లో ఉండేది. దగ్గర్లోని సోబొతా పట్నంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీ మూతపడి ఆమె పని పోయింది, దానికి ముందే మొగుడు ఇంకెవరితోనో ఆస్ట్రియాలోని గ్రాజ్ వెళ్ళిపోయాడు. మాది వాళ్ళ పక్కిల్లే.

యొలాంక వీధి వైపు గది పెద్దమ్మకిచ్చేసింది. ఇద్దరికీ బాగా కుదిరింది. నేను వెళ్ళినప్పుడల్లా వంటింటి బల్ల దగ్గర ఎటెల్కా ఏదో ఒక కథ చెబుతూ ఉండేది.

"మొదటిరోజు ఫోర్‌మన్ మీదికొచ్చి గెట్, గెట్ అని ఒకటే అరుపు. వాడు తెమ్మంటున్నాడో పొమ్మంటున్నాడో నాకేం తెలుసు? ఎందుకైనా మంచిదని చీపురు తెచ్చి చేతిలో పెట్టా. లైను ఆపి మరీ నవ్వారు వెధవలు."

ఈస్టర్‌కు ముందు ఉపవాసాల్లో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. సోబొతా ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి నోట్లో ఒకేఒక్క మాట మిగిలింది. గెట్. మన మాటలు, అక్కడి మాటలు అన్నీ తుడిచిపెట్టుకుపోయి అదొక్కటే ఎందుకు మిగిలిందో డాక్టరు చెప్పలేకపోయాడు. "మీరు చెప్పేది ఆమెకు అర్థమవుతుంది, తిరిగి చెప్పడమే రాదు," అన్నాడంతే. తల ఊపడం మీదా ఆధారపడలేం. అవును అనాల్సిన చోట అడ్డంగా ఊపేది, ఒక్కోసారి సరిగ్గానే ఊపేది.

యొలాంకకు ఇంగ్లీషు ముక్క రాదు. మొదటి వారమంతా ఆ మాట వినబడితే చాలు, ఏదో ఒకటి తెచ్చేది. నీళ్ళు, దుప్పటి, కళ్ళజోడు, జపమాల. అన్నీ మంచం మీద పేరుకుపోయేవి. పెద్దమ్మ కళ్ళు మూసుకునేది.

చివరికి యొలాంక బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన లాడిస్లావ్ మాస్టారి దగ్గరికెళ్ళింది. ఆయన లావుపాటి నిఘంటువు పట్టుకుని వాళ్ళింటికొచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఆ ఒక్క మాటకే మూడు పేజీలున్నాయి.

"చూడమ్మా, తేవడానికి మనకు ప్రినెస్తి ఉంది. దొరకడానికి దోబితి. అర్థం కావడానికి రజుమేతి. పడక మీంచి లేవడానికి ఒకటి, జబ్బు పడటానికి ఒకటి, ఇల్లు చేరడానికి ఒకటి. వాళ్ళకు వీటన్నిటికీ ఇదే మాట."

"అయితే నేను ఏది వినాలి మాస్టారూ?"

"పక్కన ఏ మాట చేరితే దాన్నిబట్టి తెలుస్తుందమ్మా."

"ఆవిడకు పక్కన చేర్చడానికి ఇంకో మాట ఏదీ?"

మాస్టారు నిఘంటువు అక్కడే వదిలి వెళ్ళాడు.

యొలాంక దాన్ని ఎంత చదివిందో తెలియదు గానీ, ఎండాకాలం వచ్చేసరికి గొంతును బట్టి పోల్చుకోవడం నేర్చుకుంది. చివర సాగదీస్తే అర్థమైందా అని. రెండుసార్లు వెంటవెంటనే అంటే లేపి కూర్చోబెట్టమని. పళ్ళు బిగించి, ఎడమచేత్తో తలుపు చూపిస్తూ అంటే పొబేరి సే, అంటే ఇక్కణ్ణుంచి పో అని. మా ఆయన గుస్తీ వచ్చి, "ఎలా ఉన్నావు పెద్దమ్మా?" అని పలకరించాడంటే ఆ చివరిదే వినేవాడు. "నన్ను చూస్తే మాత్రం ఇంగ్లీషు బాగా వస్తుంది మీ పెద్దమ్మకు," అనేవాడు. ఆమె కూడా నవ్వేది, నోరు ఒక పక్కకు లాగుతూ.

కానీ యొలాంక నలిగిపోయింది. రోజూ ఎత్తడం, తుడవడం, దుప్పట్లు ఉతకడం. ఒకసారి దడి దగ్గర నిలబడి అంది, "అక్కా, ఆవిడ మా అమ్మకు సొంత అక్క. మా అమ్మ మాటల్లో ఒక్కటైనా మిగలలేదు చూశావా? ఆ ఫోర్‌మన్ గాడి అరుపు మిగిలింది."

అక్టోబరులో మా గుమ్మడి చేను కోతకొచ్చింది. కాయలు పగలగొట్టి నూనెకు గింజలు తీసేందుకు చుట్టుపక్కల వాళ్ళందరం చేరతాం. యొలాంక రాలేనని చెప్పింది. ఆ రోజు పొద్దున్న పది దాటాక మాత్రం ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి, నా పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"ఏమైందే?"

"గోధుమగంజి పెడుతుంటే బొచ్చె నా ఒళ్ళోకి విసిరేసింది. పొద్దున్న అప్పటికే రెండుసార్లు దుప్పట్లు మార్చాను. తలుపు చూపించి పొమ్మంది. పళ్ళు బిగించి మరీ అంది అక్కా. సరే పోతున్నా, అరిచినా రాను అని చెప్పి వచ్చేశా."

"మంచి పని చేశావు. కాసేపు గాలి పీల్చుకో," అన్నాను.

ఆమె వేళ్ళు గుజ్జులో మెత్తబడేదాకా గింజలు తీసింది. మధ్యాహ్నం అందరితో కలిసి బొగ్రాచ్ అనే మాంసం కూర తింది. గుస్తీ జోకులకు నవ్వింది కూడా. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను. పొద్దువాలుతుండగా చేతులు కడుక్కుని, పెద్దమ్మకు కాస్త కూర గిన్నెలో పెట్టుకుని ఇంటికెళ్ళింది.

కేక వినబడలేదు. కాసేపటికి తనే వచ్చి మా గేటు దగ్గర నిలబడింది. చేతిలో గిన్నె అలాగే ఉంది. "అక్కా, ఒకసారి రా," అంది.

ఎటెల్కా మంచానికీ తలుపుకూ మధ్య నేల మీద బోర్లా పడి ఉంది. ఎడమచెయ్యి ముందుకు చాచి ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది.

రెండోసారి పక్షవాతం వచ్చిందని, చూడ్డానికొచ్చిన వేరే డాక్టరు చెప్పాడు. పొద్దున్నే మొదలై ఉంటుందన్నాడు. యొలాంక గంజి బొచ్చె సంగతి చెప్పింది. ఆయన, "విసిరి ఉండకపోవచ్చమ్మా. ఆ చెయ్యి కూడా పట్టు తప్పుతూ ఉండుంటుంది. పళ్ళు బిగించడం కూడా అంతే," అన్నాడు. ఆయనకు ఆ గెట్ సంగతి తెలియదు. చెప్పాల్సింది చెప్పి కారెక్కాడు.

ఖననమైన మర్నాడు యొలాంక నిఘంటువు తిరిగిచ్చేయడానికి మాస్టారింటికెళ్ళింది. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను.

"డాక్టర్ను పిలుచుకు రమ్మనడానికి కూడా అదే మాటా?" అని అడిగింది.

"అదేనమ్మా."

"తలుపు చూపిస్తూ అన్నా?"

"యొలాంకా, నువ్వు చేసినంత సేవ కడుపున పుట్టినవాళ్ళు కూడా..."

"ఓదార్చకండి మాస్టారూ. ఆవిడ ఏ మాట అందో అది చెప్పండి."

"చెప్పలేనమ్మా. రెంటిలో ఏదైనా అయ్యుండొచ్చు."

ఆమె పుస్తకం బల్ల మీద పెట్టి వచ్చేసింది.

చలికాలమంతా మా ఇంటికి కూడా సరిగా రాలేదు. నేను వెళ్తే కాఫీ పోసేది, కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. ఆ రోజు నేను "మంచి పని చేశావు" అన్నది ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

వసంతంలో సరిహద్దుకు అవతల, ఆస్ట్రియాలో ఒక ముసలాయన్ను చూసుకునే పనికి కుదిరింది. మా ఊరి ఆడవాళ్ళు చాలామంది చేసే పనే. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ. ఆయనకు మాట బాగానే వస్తుంది, మతిమరుపు లేదు, కాళ్ళే ఆడవు. అయినా వెళ్ళిన మొదటిరోజే ఆయన మంచం పక్కన కూర్చుని, తనకొచ్చిన జర్మనులో చెప్పిందట:

"నేను కావాలంటే నా చెయ్యి పట్టుకోండి. వద్దంటే గోడ వైపు తిరగండి. నోటితో ఏమన్నా నేను నమ్మను."

ఆ ముసలాయన వాళ్ళబ్బాయికి ఫోన్ చేసి, ఈవిడెవరో కాస్త తేడాగా ఉందని చెప్పాడట. ఈ సంగతి యొలాంకే నాకు చెప్పింది. చెప్పి, నవ్వలేదు.