మా అత్త నడుముకు వేసిన సున్నా

నర్మెట్ట బస్సు కండక్టరు జనగామ బస్టాండులో నన్ను చూసి కిటికీలోంచే కేకేశాడు. "మీ అత్త పొద్దుగాల పోయిందన్నా. జల్ది బస్సెక్కు."

పోయింది మా నాయిన చెల్లెలు. చిన్నప్పుడే కాళ్లు పడిపోయిన కొడుకును పాతికేళ్లు వీపున మోసింది. పొద్దున చెలకకు, సాయంత్రం నలుగురు కూర్చునే చోటికి. "వాడు మనుషుల మొఖం సూడాలె గద" అనేది. మోసీ మోసీ నడుము వంగి, అలాగే నిలిచిపోయింది. ఎదురొచ్చిన మనిషిని ముందు చెప్పులను బట్టి పోల్చుకునేది. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో బడులు మూతపడితే నేను ఆ ఇంట్లోనే, ఆ కొడుకు పక్కనే కూర్చుని తిన్నాను. ఆ తిండికి నేను చేసిన మర్యాద చెప్తాను, వినండి.

ఎనభైల మొదట్లో నాకు దొరికిన మొదటి కొలువు ఒక సర్వేలో. ఏ జబ్బుతో బతకడం జనానికి ఎంత భారమో కొలవాలట. దాన్ని బట్టి ఏ ఊరికి ఏ డాక్టరును పంపాలో పైవాళ్లు తేలుస్తారట. ఈ బాధతో పదేళ్లు బతుకుతావనుకో, బాధ పోవాలంటే అందులో ఎన్నేళ్లు వదులుకుంటావు? ఇదీ ప్రశ్న. ఎంత ఎక్కువ వదులుకుంటే జబ్బు అంత పెద్దదన్నమాట. వంకాయల బేరం కూడా ఇంతకన్నా మర్యాదగా సాగుతుంది.

మా అధికారి పట్నం మనిషి. మా యాస వినపడితే చాలు, ముసిముసిగా నవ్వేవాడు. సర్వేకని మేమిద్దరం అత్త ఇంటికి వెళ్తే, కొడుకు పక్కన నిలబడి ఆయన బూట్లను చాలాసేపు చూసింది. చేతిలో అట్ట పట్టుకుని, నా అంత మొనగాడు లేడన్నట్టు నేను ప్రశ్న చదివాను.

"నా ఏండ్లు నేనెందుకిస్త?" అంది అత్త.

"ఊకె అనుకో అత్తా. నడుము మంచిగైతది, ఏండ్లు జర తగ్గుతయి."

"తగ్గినంక వీన్ని ఎవరెత్తుతరు? నువ్వా? గీ సారా?"

నేను అట్ట మీది ప్రశ్న మళ్లీ మొదటినుంచి చదివాను.

"పదికి పది నాకే గావాలె. ఒక్క దినం గూడ ఇయ్య. రాస్కో అల్లుడా."

అధికారి నవ్వాడు. "ఏమీ వదులుకోలేదంటే బాధే లేనట్టు. సంపూర్ణ ఆరోగ్యం. సున్నా వేయండి."

ఆ మనిషి కళ్లెదుటే మా అత్త నేలకు మొహం పెట్టుకుని నిలబడి ఉంది. అంత చదువుకున్న కళ్లకు ఆ నడుము ఆనలేదు. కొలువు పోతుందన్న భయంతో నేను సున్నా వేశాను, చక్కగా, గుండ్రంగా. ఆయన మీద నాకు రోత. నా మీద అంతకన్నా ఎక్కువ.

ఎముకల డాక్టరు ఆ ఊరికి రాలేదు. కొన్నాళ్లకు సంగతంతా అత్తకు చెప్పేశాను. తిట్టలేదు. "నాకు రోగం లేదని రాసిండ్రా? ఇగ మంచిదే, తిని పో" అని కంచం పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె అడిగిన పదేళ్లు కూడా నిండలేదు. పాడె మీద తిన్నగా పడుకోలేకపోయింది. తల కింద పాత చీరలు మడిచి పెట్టారు. మంచంలో ఉన్న కొడుకు అమ్మను చూస్తానన్నాడు. వెళ్లి, అతనికి వీపు చూపి నిలబడ్డాను. అతని చేతులు రోజూ అలవాటైన ఎత్తులోనే వీపు కోసం తడుముకున్నాయి. నా వీపు అక్కడ లేదు.

"జర వంగు బావా" అన్నాడు.