రాణి ఎప్పుడు తిరిగొచ్చింది?

ఆళ్లగడ్డలో నేను రాజు వేషం కట్టినప్పుడు, నా ఒక్క పద్యానికి జనం నాలుగుసార్లు ‘ఒన్స్‌మోర్’ కొట్టారు. ఈ గొప్ప చెప్పుకున్నప్పుడల్లా లోపల ఒక భయం కదులుతుంది. ఇన్నేళ్లూ దాన్ని ఒంటరిగా మోశాను. మీకు చెబుతున్నాను.

ఆ పాత నాటకంలో ఒకటి పొసగదు. రెండో అంకంలో రాజు నింద వేసి రాణిని వెళ్లగొడతాడు. చివరి అంకంలో ఆమె సింహాసనం మీద ఆయన పక్కనే ఉంటుంది. ఎప్పుడు తిరిగొచ్చింది? ఎవరు పిలిచారు? నంద్యాల సభల్లో ఎవరైనా అడిగితే, “కవి కావాలనే వదిలేశాడు నాయనా, క్షమాపణకు మాటలెందుకు?” అనేవాణ్ణి. చప్పట్లు కొట్టేవారు.

కవి వదల్లేదు. నేను మింగేశాను.

మధ్యలో ఒక రంగం ఉంది. రాణి వచ్చి నిలదీస్తుంది. రాజు ఆమె కాళ్ల మీద పడతాడు. రాణి వేషానికి ప్రాణం అదే. ఆళ్లగడ్డలో ఆ రోజు నా పద్యాన్నే మళ్లీ మళ్లీ పాడి, వేళ మించిపోయిందంటూ హార్మోనియం ఆయనకు సైగ చేసి, చివరి అంకంలోకి దూకాను. నిజంగా వేళ కోసమేనా? అంతమంది ముందు ఆమె కాళ్ల మీద పడటం ఇష్టంలేకనా? రాణి వేషం వేసిన నాగరత్నమ్మ తెర పక్కనే నిలబడిపోయింది. ఆ రంగం లేకుండానే ఆట నడిచిందని, ఆ తర్వాత ఏ నాటకాల కాంట్రాక్టరూ ఆమెను పిలవలేదు. అచ్చుపుస్తకం ఎక్కడా దొరకదు. నా శిష్యులు నేను నేర్పినట్టే, ఆ రంగం లేకుండా ఆడుతున్నారు.

ఇప్పుడు ఆళ్లగడ్డలోనే ఆడబోతున్నారు. నాగరత్నమ్మ ఉండేది అక్కడే. నాటకానికి ముందు మైకులో మాట్లాడాల్సింది నేను. ‘కావాలనే వదిలేశాడు’ అన్న నా మాట విని ఆమె లేచి నిలబడితే? అన్నం సహించలేదు. నిన్న నంద్యాలలో బస్సెక్కాను. ఆళ్లగడ్డలో దిగి నేరుగా ఆమె ఇంటికి నడిచాను.

ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది.

“ఏందప్పా, రాజావారు బస్సులో వచ్చినారే?”

అంతా చెప్పేశాను. తప్పు చేశానన్నాను. ఆమె గింజలు తీస్తూనే ఉంది. అయినా చెప్పాక ఊపిరి ఆడింది. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను?

“ఏం జేసేది నాగరత్నమ్మా, జనం నాలుగు తూర్లు ఒన్స్‌మోర్ కొట్టిరి.”

నిజానికి జనం అడిగింది రెండుసార్లే. మీకు చెప్పిన నాలుగూ కోతలే.

ఆమె చేతిలోని గింజ పక్కకు విసిరింది.

“యాడి ఒన్స్‌మోరప్పా? జనం ఎవురూ అడగల్యా. అరిసింది మీ బామ్మర్ది ఒక్కడే, అదీ నువ్వు కన్ను గీటితే. తెర పక్కనుంచి చూస్తానే ఉంటి. మైకులో అది గూడా చెప్పు.”