యేసుమణి అన్న ఒక్క మాట

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పలకలకు చెక్క ఫ్రేములు బిగించే పని యేసుమణిది. నలభై ఆరో ఏట ఆమె ఎడమ రొమ్ములో గడ్డ కనబడింది. ఆపరేషన్ చేశారు, మందులు ఎక్కించారు. చివరగా ఇరవై అయిదు సార్లు కరెంటు పెట్టాలని గుంటూరు పంపారు. రేడియేషన్‌ను మన వైపు అందరూ కరెంటు పెట్టడమనే అంటారు.

ఆసుపత్రి పక్క సత్రంలో ఆమె గదిలోనే రెండో మంచం శ్రీశైలమ్మది. గిద్దలూరు అవతల అడవి అంచు ఊరు, గొర్రెలు కాసే ఇల్లు. ముప్పై ఏళ్లు బుగ్గన పెట్టుకున్న పొగాకు నోట్లో పుండయింది. ఆమెకు ముప్పై మూడు సార్లు, బుగ్గకూ మెడకూ. ఇద్దరూ ఒకే వారం మొదలుపెట్టి, నాలుగు రోజులకే వదినా అంటే వదినా అనుకునేదాకా వచ్చారు. యేసుమణి ఎడమ చెయ్యి పైకి లేవదు కాబట్టి ఆమె బట్టలు కూడా శ్రీశైలమ్మే పిండి ఆరేసేది.

రెండో వారంలో టెక్నీషియన్ స్వర్ణలత ఇద్దరినీ పిలిచింది. "కరెంటుకు చర్మం కమిలి ఊడొస్తుందమ్మా. అట్లా కాకుండా కాపాడటానికి కొత్త మిషన్ వచ్చింది. ఎర్రటి వెలుతురు కాసేపు పడనిస్తాం. కాలదు, నొప్పి ఉండదు. అందరికీ ఒకేలా పనిచేస్తుందని చెప్పలేను గానీ, చాలామందికి పుండు ముదరకుండా ఆపుతోంది."

శ్రీశైలమ్మ వెనక్కి జరిగింది. "ఒక మంట చాలదా తల్లీ, ఇంకోటా? ముందు మా వదిన పోయి రానీ."

యేసుమణి వెళ్లింది. కళ్లకు నల్లద్దాలు పెట్టి, ఎర్రగా వెలిగే పరికరాన్ని చర్మానికి దగ్గరగా పట్టారు. వెచ్చగా కూడా అనిపించలేదు. మూడు సార్లు వెళ్లొచ్చాక శ్రీశైలమ్మ అడిగింది.

"ఏంది వదినా, గుణం కనపడిందా?"

"గుణమూ లేదు, పాడూ లేదు. కోళ్ల ఫారంలో పిల్లలకు పెట్టే బల్బు మాదిరి ఉంది. ఊరికే కూర్చోబెడతారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. శ్రీశైలమ్మ ఆ గదికి పోలేదు. యేసుమణి మాత్రం, పిలిచినప్పుడు కాదనలేక, వెళ్తూనే ఉంది.

నాలుగో వారానికి తేడా తెలిసింది. యేసుమణి చర్మం ఎర్రబడి, నల్లబడి, అంతటితో ఆగింది. శ్రీశైలమ్మ మెడ మీద మాత్రం చర్మం పొరలు పొరలుగా లేచి రసి కారసాగింది. చీర కొంగు తగిలినా కేక పెట్టేది. డాక్టరు కరెంటు ఆపి మందు రాశాడు. "ఇక్కడే ఉండమ్మా. నాలుగైదు రోజుల్లో మళ్లీ మొదలుపెట్టాలి. ఎక్కువ ఆపితే గడ్డ తిరిగి పెరుగుతుంది" అన్నాడు.

యేసుమణి స్వర్ణలత దగ్గరికి పరుగెత్తింది. "ఇప్పుడన్నా మా వదినకు ఆ లైటు పెట్టండమ్మా."

"తీసుకురా, పెడతాను."

తిరిగి గదికి వచ్చేసరికి శ్రీశైలమ్మ కూతురు నాగజ్యోతి సంచి సర్దుతోంది. "అమ్మ ఉండనంటాంది అత్తా. మానినాక పిలుచుకొస్తా."

లైటు గురించి తానన్న మాట తప్పని చెప్పడానికి యేసుమణికి నోరు రాలేదు. "తప్పక రా వదినా" అని మాత్రం అంది.

శ్రీశైలమ్మ రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా నాగజ్యోతి ఒకటే చెప్పేది. "కరెంటంటేనే వణుకుతాంది అత్తా."

మూడు నెలల తర్వాత యేసుమణి రైలెక్కి గిద్దలూరులో దిగి, ఆటోలో ఆ ఊరు చేరింది. శ్రీశైలమ్మ వసారాలో మంచం మీద ఉంది. మెడ మీద పుండు మానింది. దాని కింద కొత్త గడ్డ లేచింది. ఇక చేసేదేమీ లేదన్నారట.

యేసుమణి ఆమె చెయ్యి పట్టుకుంది. "తప్పు నాది వదినా. ఆ లైటుతో ఏం లేదని నేనే అంటిని. నా మాట ఇని నువ్వు పోకపోతివి."

"ఏ లైటు?" అంది శ్రీశైలమ్మ. మాట ముద్దగా వచ్చింది.

యేసుమణి మొదటి నుంచి చెప్పింది. శ్రీశైలమ్మకు గుర్తు రాలేదు. "ఎండన పడి వచ్చినావు, నీళ్లు తాగు" అని కళ్లు మూసుకుంది.

నాగజ్యోతి ఆటో దాకా వచ్చింది.

"అమ్మకు గుర్తు లేదు అత్తా. నాకుంది. లైటుతో లాభం లేదని వదిన చెప్పిందని ఆ రోజే ఫోన్లో అనింది."

ఆమె గొంతులో కోపం లేదు. యేసుమణి ఏదో అనబోయింది. నాగజ్యోతి అప్పటికే వెనక్కి తిరిగింది.

శ్రీశైలమ్మ పోయిన సంగతి ఎవరూ చెప్పలేదు. నెల తర్వాత నాగజ్యోతికి ఫోన్ చేస్తే ఇంటి పక్కామె ఎత్తి, దినాలు కూడా అయిపోయాయని చెప్పింది. ఆ రోజు యేసుమణి పనికి పోయింది గానీ, బిగించిన ఫ్రేములన్నీ వంకరగా వస్తే మేస్త్రి ఇంటికి పంపేశాడు.

చెకప్‌కు గుంటూరు వెళ్లినప్పుడు డాక్టరు అంతా బాగుందన్నాడు. బయట స్వర్ణలత కనబడి, లైటంటే భయపడుతున్న ఒక ముసలామెను చూపించింది. "కాస్త ధైర్యం చెప్పమ్మా."

"నన్నడగొద్దు తల్లీ" అని యేసుమణి గేటు దాకా పోయి, మళ్లీ తిరిగొచ్చి ముసలామె పక్కన కూర్చుంది. తన చర్మం సంగతీ, శ్రీశైలమ్మ సంగతీ, తానన్న మాటా, ఏదీ దాచకుండా చెప్పింది.

"ఆమె ఇప్పుడెట్ల ఉంది?" అని అడిగింది ముసలామె.

"చచ్చిపోయింది."

ముసలామె ఆ గదిలోకి వెళ్లిందో లేదో యేసుమణి చూడలేదు. రైలు టైమయిందని లేచి వెళ్లిపోయింది.