అత్తకు పట్టిన నిద్ర

గ్విన్యాయ్‌కి ఎంబిరా వాయించడం తండ్రి నేర్పాడు. చెక్కపలక మీద బిగించిన ఇనుప రేకుల్ని బొటనవేళ్లతో మీటాలి. కింద సొరబుర్ర, దాని అంచున గలగలమనే సీసా మూతలు. ఆ మోత వింటేనే చనిపోయిన పూర్వీకులు దిగివస్తారని వాళ్ల ఊరు చిహోటాలో చిన్నపిల్లలకీ తెలుసు. తండ్రి పోయాక, పూర్వీకుల్ని పిలిచే ఇంటి కొలువుల్లో వాయించే వంతు అతనికి వచ్చింది. దానితో పొట్ట గడవదు.

అందుకే హరారేలో రుకుద్జో అనేవాడు పెట్టిన విశ్రాంతి కేంద్రంలో చేరాడు. అక్కడ జనం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని చాపల మీద పడుకుంటారు. రెండు చెవుల్లో కాస్త తేడాగా స్వరాలు మోగితే మెదడులోని అలలు నెమ్మదిస్తాయట. వాటికి తోడుగా గ్విన్యాయ్ వాయించాలి.

“ఆ మూతలు తీసెయ్ బాబూ, పడుకున్నవాళ్లు ఉలిక్కిపడుతున్నారు,” అన్నాడు రుకుద్జో. “రేకులు కూడా నా మిషను చెప్పినట్టు సర్దు.”

మూతలు తీశాడు, రేకులు జరిపాడు. కావాలంటే మళ్లీ వెనక్కి జరుపుకోవచ్చనుకున్నాడు. అలా రెండేళ్లు గడిచాయి.

ఈ ఏడు అతని కూతురు షుపికాయ్ మాట మానేసింది. తర్వాత తిండీ తగ్గించింది. ఆసుపత్రిలో ఏ జబ్బూ లేదన్నారు. చనిపోయిన తాతనే పిలిచి అడుగుదామన్నాడు అన్న తవెంగ్వా. తాత పూనేది మేనత్త సెకాయ్ మీద. నవంబరంతా కొలువులు నిషిద్ధం కాబట్టి అక్టోబరు ఆఖరి ఆదివారమే పెట్టుకున్నారు. అత్త రాత్రంతా కూర్చోలేదని మధ్యాహ్నమే మొదలుపెడదామనుకున్నారు.

ముందురోజు గ్విన్యాయ్ మూతలు కట్టి, రేకులు జరుపుతూ కూర్చున్నాడు. ఎలా జరిపినా చెవి కేంద్రం శ్రుతి దగ్గరికే వెళ్లి ఆగుతోంది. తండ్రి శ్రుతి ఇంకాస్త గరుకుగా ఉండేదని గుర్తుంది. ఆ గరుకు ఏ రేకులో ఉండేదో మాత్రం అందలేదు. చివరికి ఇదే అది అని తనకు తాను చెప్పుకున్నాడు.

కొలువులో అత్త నల్లగుడ్డ కప్పుకుని నస్యం పీల్చింది. అతను వాయించాడు. ఆమె భుజాలు ఊగాయి. తల ఛాతీ మీదికి వాలింది. అందరూ ముందుకు వంగారు.

తవెంగ్వా మెల్లగా చప్పట్లు తట్టాడు. “తాతా, వచ్చావా? పిల్ల సంగతేమిటో చెప్పు.”

అత్త గురక పెట్టింది.

“తాతకి ప్రయాణ బడలిక కాబోలు,” అంది ఆమె కోడలు కొంగు అడ్డం పెట్టుకుని. గ్విన్యాయ్ వేళ్లు నొప్పెట్టేదాకా గట్టిగా మీటాడు. గురక ఆగలేదు.

అత్తకు మెలకువ వచ్చేసరికి పొద్దు వాలింది. “ఎవరూ రాలేదురా అబ్బాయ్. కానీ ఇంత హాయిగా పడుకుని ఎన్నేళ్లయిందో.”

“వీడు నేర్చుకున్న విద్య అదే అత్తా, పడుకోబెట్టడం,” అన్నాడు తవెంగ్వా. “నెల పోయాక హ్వెద్జా నుంచి వేరేవాణ్ణి పిలుస్తా.”

“అన్నయ్యా, నెలంటే...”

“నాకేం చెప్తావు? పిల్లకి చెప్పు.”

గ్విన్యాయ్ భార్య గంజి చెంచా కూతురి నోటికి ఆనించింది. పిల్ల పెదవులు విప్పలేదు. గంజి గడ్డం మీద కారింది. భార్య కొంగుతో తుడిచి, అతనివైపు చూడకుండానే మళ్లీ చెంచా ముంచింది.